తలో ఊళ్లో ఉన్న టీమ్‌తో లక్ష్యాల వర్క్‌షాప్ ఎలా నడపాలి?

డిసెంబరు నెలాఖరు. ఆన్‌లైన్ మీటింగ్‌లో మేనేజర్ గారు స్క్రీన్ షేర్ చేసి, వచ్చే మూడు నెలల టార్గెట్లు గబగబా చదివేస్తారు. “అందరికీ ఓకేనా?” అంటారు. ఒకరు “ఓకే సార్” అంటారు. ఇద్దరు చాట్‌లో బొటనవేలి బొమ్మ పెడతారు. మిగతావాళ్లు మ్యూట్‌లోనే ఉంటారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ లిస్టు ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా ఎవరికీ గుర్తుండదు.

అందరూ విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒకే ఆఫీసులో కూర్చునే రోజుల్లో, మీటింగ్ అయ్యాక కిందికి దిగి టీ తాగేటప్పుడు అసలు మాట బయటపడేది. “మార్చిలోపు అదెలా అవుద్ది బాబాయ్?” అని ఎవరో ఒకరు గొణిగేవారు, ఆ గొణుగుడు ఎలాగోలా మేనేజర్ చెవిన పడేది. ఇప్పుడు ఇద్దరు పటమటలో, ముగ్గురు గుంటూరులో, ఒకరు తెనాలిలో, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో. గొణగడానికి చోటే లేదు. అందుకే రిమోట్ టీమ్‌తో వర్క్‌షాప్ నడిపేవాళ్లకి అసలు పని ఒక్కటే అంటాను: ‘కుదరదు’ అనే మాటని నోటితోనో రాతతోనో వర్క్‌షాప్ పూర్తయ్యేలోపే బయటికి రప్పించడం. కింద చెప్పే మెట్లన్నీ దానికోసమే.

చెప్పుకోవడానికి వీలుగా ఒక టీమ్‌ని ఊహించుకుందాం. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్మే ఎనిమిది మంది. మీది అకౌంట్స్ పని అయినా, ఆన్‌లైన్ కోచింగ్ అయినా పద్ధతి ఇదే.

అసలు వర్క్‌షాప్ అవసరమా?

యజమాని ఇప్పటికే అంకెలన్నీ ఖాయం చేసేసి ఉంటే వర్క్‌షాప్ పెట్టకండి. అరగంట మీటింగ్ పెట్టి, ఇవీ టార్గెట్లు, ఇందుకని పెట్టాం, సాధించడానికి మీకేం కావాలో చెప్పండి అంటే సరిపోతుంది. అంతా తేల్చేసుకున్నాక “మీ అభిప్రాయం చెప్పండి” అని కూర్చోబెడితే జనానికి ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత నిజంగా అడిగినా నోరు విప్పరు.

తేదీ పెట్టకముందే యజమానితోనో మేనేజర్‌తోనో కాసేపు మాట్లాడి మూడు సంగతులు రాయించుకోండి. ఏవి మారవు? ఏవి టీమ్ చేతిలో ఉన్నాయి? కొత్త పని రావాలంటే పాత పనుల్లో దేన్ని వదలడానికి ఒప్పుకుంటారు? మూడోదానికి చాలామంది వెంటనే జవాబు చెప్పరు. “అన్నీ ముఖ్యమేనండీ” అంటారు. అక్కడ పట్టు వదలకండి. వదిలేది ఏదీ లేదంటే కొత్త లక్ష్యానికి చోటు లేనట్టే. ఆ సంగతి ఎనిమిది మంది ముందు తేలేకంటే ఇక్కడే తేలడం నయం.

ఇంకో ఒప్పందం కూడా ఇక్కడే చేసుకోవాలి: మీటింగ్‌లో పెద్దాయన అందరికంటే చివర మాట్లాడాలి. మొదట ఆయన నోరు తెరిస్తే తర్వాత వచ్చేవన్నీ దానికి వంతపాటలే. ఆయన ఆగలేకపోతే మీరు వాట్సాప్‌లో విడిగా ఒక చుక్క పెడతారని, అది చూసి ఆయన ఆగాలని ముందే అనుకోండి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

తేదీ, టైమ్

నాలుగు గంటల ఒకే సెషన్ వద్దు. గంటన్నర చొప్పున రెండు సెషన్లు పెట్టండి, మధ్యలో ఒకటి రెండు రోజులు ఖాళీ వదలండి. ఆ ఖాళీ ఎందుకో తర్వాత చెప్తాను.

జనవరి–మార్చి లక్ష్యాలకి వర్క్‌షాప్ డిసెంబరు మూడో వారంలోనే అయిపోవాలి. జనవరి మొదటివారం దాటిందంటే సంక్రాంతి వచ్చేస్తుంది, సగంమంది మనసు ఊళ్లో ఉంటుంది. అక్టోబరు–డిసెంబరు లక్ష్యాలైతే దసరా చూసుకోండి. ఇంద్రకీలాద్రి ఉత్సవాల రోజుల్లో వన్‌టౌన్ వైపు ఉండేవాళ్ల ఇళ్లు చుట్టాలతో నిండిపోతాయి, బయట ట్రాఫిక్ మళ్లింపులు. ఇంట్లో కూర్చుని చేసే మీటింగే అయినా ఆ ఇంట్లో కూర్చునే మూల దొరకాలి కదా. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి పెట్టడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. బయట నలభై దాటిన ఎండ, కరెంటు పోతుందేమోనని టెన్షన్. పొద్దున్నే కానిచ్చేయండి.

డల్లాస్‌లో ఒకరున్నారంటే పొద్దున్నే పెట్టడానికి ఇంకో కారణం దొరికినట్టే. మనకి ఉదయం 7.30 అంటే చలికాలంలో అక్కడ ముందురోజు రాత్రి 8 గంటలు, వేసవిలో 9. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట జరుపుతారు. ఆ చుట్టుపక్కల మీటింగ్ ఉంటే టైమ్ రెండు ఊళ్ల లెక్కలోనూ రాసి పంపండి. మనకి శనివారం ఉదయం అంటే వాళ్లకి శుక్రవారం రాత్రి. వారమంతా పనిచేసి వచ్చిన మనిషిని అప్పుడు లక్ష్యాల గురించి ఆలోచించమనడం పాపం.

కొన్ని చిన్న జాగ్రత్తలు. ఉచిత జూమ్‌లో గ్రూప్ మీటింగ్ 40 నిమిషాలకి తెగిపోతుంది, ఉచిత గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు. డబ్బు కట్టే ఉద్దేశం లేకపోతే ఆ తెగే చోటే టీ బ్రేక్ పెట్టేసి, రెండో లింకు ముందే పంపేయండి. మీతోపాటు ఇంకొకరిని హోస్ట్‌గా పెట్టండి. మీ నెట్ పోయినా మీటింగ్ ఆగదు.

ముందుగా అడగాల్సిన ప్రశ్నలు

వర్క్‌షాప్‌కి నాలుగైదు రోజుల ముందు ఒక్కొక్కరికీ విడివిడిగా ఐదు ప్రశ్నలు పంపండి. గ్రూప్‌లో వేయకండి. గ్రూప్‌లో వేస్తే మొదట జవాబిచ్చినవాళ్లది చూసి మిగతావాళ్లు సర్దుకుంటారు.

1. గత మూడు నెలల్లో మీ టైమ్ ఎక్కువగా తిన్న పని ఏది? అది మీరు చేయాల్సిన పనేనా?
2. వచ్చే మూడు నెలల్లో ఒక్కటే సాధించే వీలుంటే దేన్ని ఎంచుకుంటారు?
3. మీ పని ఎక్కువగా ఎవరి దగ్గర, దేని దగ్గర ఆగిపోతోంది?
4. మనం చేసే పనుల్లో ఏది ఆపేస్తే ఎవరూ పట్టించుకోరు?
5. ఈ మూడు నెలల్లో మీ ఇంట్లో పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, ఊరి ప్రయాణాలు ఏమున్నాయి?

ఐదోది చూసి కొందరు నవ్వుతారు. అడగండి. ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్లి ఉన్న మనిషి పేరు మీద ఫిబ్రవరి గడువు పెట్టడం లక్ష్యం అనిపించుకోదు.

జవాబు రాయమంటే చాలామంది రెండు ముక్కలు రాసి వదిలేస్తారు, అదీ ఇంగ్లిష్‌లో, బాస్ చదువుతాడన్నట్టు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి, తెలుగులో. గుంటూరులో సపోర్ట్ చూసే అమ్మాయి ఫారమ్‌లో అయితే “ట్రైనింగ్‌కి సహకారం కావాలి” అని రాసి ఊరుకుంటుంది. అదే వాయిస్‌లో అయితే ఇలా ఉంటుంది: “సార్, సీజన్ మొదలైతే పొద్దున పది దాటాక యార్డులో ఎవరూ ఫోన్ ఎత్తరండీ. కాటాలు నడుస్తుంటాయి. ఎత్తినా, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తేలాక మాట్లాడదాంలేమ్మా అని పెట్టేస్తారు.” ప్లాన్ మొత్తం మార్చేయగలిగిన సంగతి అది. రాతలో రాదు, మాటలో వస్తుంది.

‘పేర్లు బయటపెట్టం’ అని మాటిస్తే నిలబెట్టుకోండి. ఎనిమిది మంది టీమ్‌లో పేరు తీసేసినంత మాత్రాన ఎవరి మాట ఎవరిదో తెలియకుండా పోదు; వాక్యం చూసే పోల్చేస్తారు. జవాబులన్నీ మీరే విని, మీ మాటల్లో, ఒక పేజీకి మించకుండా తిరగరాయండి. ఒకే మాట ముగ్గురు అంటే ‘ముగ్గురు అన్నారు’ అని పక్కన వేయండి. అంతే.

ఏ బోర్డు వాడాలి?

గూగుల్ షీట్ చాలు. మీరో (Miro), ఫిగ్‌జామ్ (FigJam) లాంటి ఆన్‌లైన్ బోర్డులు అందంగా ఉంటాయి, పెద్ద స్క్రీన్ ఉన్నవాళ్లకి బాగుంటాయి. కానీ టీమ్‌లో ఒకరిద్దరు ఫోన్‌లోంచే చేరతారు, వాళ్లకి ఆ రంగు చీటీలు జరపడంతోనే సరిపోతుంది. పాత గైడ్లు చూసి జామ్‌బోర్డ్ వెతక్కండి, గూగుల్ దాన్ని 2024 చివర్లో మూసేసింది. షీట్‌లో ఒక్కొక్కరికీ ఒక వరస, ఒక్కొక్క ప్రశ్నకి ఒక నిలువు గడి. ముందురోజు అందరినీ అది తెరిచి తమ వరసలో ఒక్క అక్షరం కొట్టమనండి. పర్మిషన్ సమస్యలు అప్పుడే తేలిపోతాయి.

మొదటి సెషన్

మొదటి పది నిమిషాల్లో ప్రతి గొంతూ వినపడాలి. ఒకసారి మాట్లాడిన మనిషి రెండోసారి తేలిగ్గా మాట్లాడతాడు. గంటసేపు మ్యూట్‌లో ఉన్న మనిషి ఇక నోరు తెరవడు. ఇందుకోసం ఆటలు, పొడుపుకథలు అక్కర్లేదు. “పోయిన మూడు నెలల్లో మీ పనిలో బాగా కుదిరినది ఒకటి చెప్పండి” అని టీమ్‌లోకి ఆఖరున చేరినవాళ్లతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. పేరు పెట్టి పిలవండి. “ఎవరైనా చెప్తారా?” అంటే ఎవరూ చెప్పరు.

పిలుపు విషయంలో ఒక మాట. సీనియర్లని ‘మీరు’ అని, కొత్తగా చేరిన కుర్రాణ్ణి ‘నువ్వు చెప్పరా’ అని పిలిస్తే, ఎవరి మాటకి ఎంత బరువో మీరే చెప్పేసినట్టు. ఆ గంటన్నరా అందరినీ ‘గారు’ అనే పిలవండి. వాళ్లలో వాళ్లు అన్నా, అక్కా అనుకుంటే అనుకోనివ్వండి, అది చనువు.

మీటింగ్ తెలుగులోనే నడపండి. క్లయింటుకి ఇంగ్లిష్ కాగితం కావాలంటే చివర్లో రాసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో నడిపితే ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ల లక్ష్యాలే టీమ్ లక్ష్యాలవుతాయి.

తర్వాత మీ ఒక పేజీ జవాబులు చదివి వినిపించండి. మారనివి ఏవో, టీమ్ చేతిలో ఉన్నవి ఏవో చెప్పండి. పది నిమిషాలు చాలు.

ఇప్పుడు అసలు పని: పన్నెండు నిమిషాలు అందరూ మ్యూట్ పెట్టి, ఎవరి వరసలో వాళ్లు రెండేసి లక్ష్యాలు రాయాలి. మాటలొద్దు. ఈ నిశ్శబ్దం నడిపేవాళ్లకి మహా కష్టం, ఏదో ఒకటి మాట్లాడాలని నాలుక దురద పెడుతుంది. మాట్లాడకండి. మూడు నిమిషాలకే “అయిందా?” అని అడిగితే నిదానంగా ఆలోచించేవాళ్లు రాయడం ఆపేస్తారు. పక్కవాళ్ల వరస చూసి రాస్తారని అనుమానముంటే, ముందు తమ దగ్గర కాగితం మీద రాసుకుని ఆఖరి రెండు నిమిషాల్లో షీట్‌లోకి ఎక్కించమనండి.

రాసినవి చదివి, ఒకేలా ఉన్నవి కలిపేసి, నంబర్లు వేయండి. పదో పన్నెండో మిగులుతాయి. ఒక్కొక్కరికీ మూడు ఓట్లు. చాట్‌లో మూడు నంబర్లు టైప్ చేసి ఆగాలి. మీరు “ఇప్పుడు” అన్నాకే పంపాలి. అందరివీ ఒక్కసారిగా వచ్చి పడతాయి కాబట్టి ఎవరూ ఎవరిని చూసీ ఓటేయలేరు. పెద్దాయన ఓటు కూడా అందులోనే, అందరిలాగే మూడే. ఎక్కువ ఓట్లు వచ్చిన నాలుగైదింటిని పక్కన పెట్టి, అక్కడితో ఆపేయండి. తొందరపడి అదే రోజు ఖాయం చేయకండి.

కెమెరా ఆన్ చేయమని బలవంతపెట్టడం నాకు నచ్చదు. రెండు గదుల ఇంట్లో వెనకాల అమ్మ కూరగాయలు తరుగుతుంటే కెమెరా పెట్టుకోమంటే ఆ మనిషి ధ్యాసంతా వెనకాలే ఉంటుంది. ఎక్కడ అవసరమో అక్కడ పది సెకన్లు అడగండి, చాలు.

మధ్యలో ఖాళీ

రెండు సెషన్ల మధ్య ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు ఫోన్ చేయండి. వీడియో కాదు, మామూలు ఫోన్. “ఆ నాలుగింటిలో మీకు మింగుడుపడనిది ఏది?” అని అడగండి. ఆఫీసు కింద మనం పోగొట్టుకున్న టీ కొట్టు ఇదే. “మీటింగ్‌లో అనలేదు గానీ అండీ...” అని మొదలవుతుంది చూడండి, దానికోసమే ఈ ఫోన్లు. విన్నది నోట్ చేసుకోండి, అక్కడే తీర్పు చెప్పకండి. ఆ మాటని రెండో సెషన్‌లో తనే చెప్తారా, మీరు పేరు లేకుండా చెప్పాలా అని అడిగి పెట్టేయండి.

రెండో సెషన్: లక్ష్యాన్ని మాటల్లో పెట్టడం

ఇక్కడికి వచ్చేసరికి పద్ధతుల పేర్ల గొడవ మొదలవుతుంది. పీటర్ డ్రకర్ 1954లోనే లక్ష్యాల ద్వారా నిర్వహణ గురించి రాశాడు. 1970లలో ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దాన్నే మార్చి ఇప్పుడు ఓకేఆర్ (ఒక లక్ష్యం, దాని కింద కొలవగలిగే ఫలితాలు) అంటున్న పద్ధతి నడిపాడు. అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో దాన్ని గూగుల్‌కి తీసుకెళ్లాడు. స్మార్ట్ లక్ష్యాలనే మాట (స్పష్టంగా, కొలవగలిగేలా, గడువుతో ఉండాలని) 1981లో జార్జ్ డోరన్ రాసిన చిన్న వ్యాసంలోది. ఏది వాడినా ఫర్వాలేదు. ఎనిమిది మంది టీమ్ ఈ తేడాల మీద అరగంట వాదించుకుంటే ఆ అరగంట దండగ.

పనికొచ్చే సంగతి ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వవేత్తలు ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో ఉంది. ‘మీ శక్తి మేరకు చేయండి’ అనేదానికంటే స్పష్టంగా, కాస్త కష్టంగా ఉన్న లక్ష్యం పెడితే పని బాగా జరుగుతుంది. అయితే చేసే మనిషి దాన్ని మనసారా ఒప్పుకుని ఉండాలి, చేయగల నేర్పూ ఉండాలి. మన దగ్గర స్పష్టత మీద, కష్టం మీద ఉన్న శ్రద్ధ ఒప్పుకోలు మీద ఉండదు.

మన టీమ్‌లో ఒకరు “కస్టమర్ సపోర్ట్ మెరుగుపరచాలి” అని రాశారనుకోండి. దాన్ని నాలుగు ప్రశ్నలతో సానపెట్టండి. ఎవరికి మెరుగవ్వాలి? ఇప్పుడెలా ఉంది? ఎంతవరకు రావాలి? ఎప్పటికి? చివరికి ఇలా తేలుతుంది: ‘వ్యాపారి బిల్లులో తప్పుందని ఫోన్ చేస్తే అదే రోజు సరిచేసి పంపాలి. ఇప్పుడు పది ఫిర్యాదుల్లో నాలుగే అదే రోజు తేలుతున్నాయి. మార్చి 31 నాటికి ఎనిమిది తేలాలి.’ యార్డులో కాటా వేసే ముసలాయనకి చదివి వినిపించినా అర్థమయ్యేలా ఉందా? ఉంటే లక్ష్యం కుదిరినట్టే.

అంకె పెట్టగానే ఇంకో చిక్కు. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో చెప్పిన సంగతి ఉంది, తర్వాతివాళ్లు దాన్ని ఇలా కుదించి చెప్తారు: కొలతనే టార్గెట్ చేస్తే అది మంచి కొలతగా పనికిరాకుండా పోతుంది. అదే రోజు తేల్చాలన్నారు కదా అని, తేలకపోయినా తేలినట్టు టిక్ పెట్టేస్తారు. తప్పు మనుషులది కాదు, కొలతది. అందుకని పక్కనే కాపలా కొలత ఒకటి పెట్టండి: ‘వారంలోపు అదే వ్యాపారి అదే ఫిర్యాదుతో మళ్లీ ఫోన్ చేస్తే మొదటిది తేలినట్టు లెక్క కాదు.’

‘కుదరదు’ అనిపించడం

“అందరికీ ఓకేనా?” అనే ప్రశ్నని ఈ సెషన్‌లో నిషేధించండి. దాని బదులు రెండు పనులు చేయండి.

మొదటిది వేళ్ల ఓటు. ఒక్కొక్క లక్ష్యానికీ, ‘దీన్ని సాధించగలమని మీకెంత నమ్మకం?’ అని ఒకటి నుంచి ఐదు వేళ్లు ఒకేసారి కెమెరా ముందు చూపించమనండి. కెమెరా వద్దనుకున్నవాళ్లు చాట్‌లో నంబరు, మళ్లీ ‘ఇప్పుడు’ అన్నాకే. ఒకటో రెండో చూపించినవాళ్లని “ఎందుకు?” అని అడక్కండి, నిలదీసినట్టుంటుంది, వెంటనే “పర్లేదు సార్, చేద్దాం” అనేస్తారు. “అది నాలుగు అవ్వాలంటే ఏం మారాలి?” అని అడగండి. దానికి ప్రతివాళ్ల దగ్గరా జవాబుంటుంది.

రెండోది ఇంకా బాగా పనిచేస్తుంది. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త దీన్ని ప్రీమార్టమ్ అన్నాడు, 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దాని గురించి రాశాడు. మన మీటింగ్‌లో ఇలా అనండి: “ఈ రోజు మార్చి 31 అనుకుందాం. మనం అనుకున్నది అవ్వలేదు, ఘోరంగా పోయింది. ఎందుకు పోయిందో ఐదు నిమిషాల్లో మీ వరసలో రాయండి.” ‘ఇది నావల్ల కాదు’ అని పెద్దాయన ముందు అనడానికి మనవాళ్లకి మొహమాటం. జరిగిపోయినదానికి కారణాలు చెప్పమంటే మాత్రం మనంత ధారాళంగా చెప్పేవాళ్లుండరు. ఆ అలవాటునే వాడుకుంటున్నాం.

మన టీమ్ లిస్టులో ‘మార్చి 31లోపు కొత్తగా 20 మంది వ్యాపారులకి సాఫ్ట్‌వేర్ నేర్పించాలి’ అని ఒక లక్ష్యం ఉందనుకోండి. హైదరాబాద్‌లో సేల్స్ చూసే ఆయన రాసినది, ఓట్లు కూడా బాగానే పడ్డాయి. ప్రీమార్టమ్‌లో గుంటూరు వరసల్లో మూడింటికి మూడూ ఒకే మాట: ‘ఫిబ్రవరి, మార్చి యార్డుకి సరుకు ముంచెత్తే నెలలు. వ్యాపారికి అన్నం తినే తీరికే ఉండదు, కంప్యూటర్ ముందు కూర్చుంటాడా?’ హైదరాబాద్ ఆయన “మరి ఎప్పుడు కుదురుద్దండీ?” అంటారు. “మేలో యార్డుకి వేసవి సెలవులిస్తారు కదా సార్, అప్పుడైతే షాపులోనే ఖాళీగా దొరుకుతారు.” శిక్షణ లక్ష్యం ఏప్రిల్–జూన్‌కి వెళ్లిపోతుంది. జనవరి–మార్చికి ఫిర్యాదుల లక్ష్యం మిగులుతుంది, ఎలాగూ సీజన్‌లోనే కదా ఫిర్యాదులు ఎక్కువ. ఇదంతా ఆ అమ్మాయి వాయిస్ మెసేజ్‌లో ముందే ఉంది. కానీ ఆవిడొక్కతే చెప్పినప్పుడు అది ఆవిడ ఇబ్బంది. మూడు వరసల్లో కనపడేసరికి టీమ్ సంగతి అయింది.

రోజుల లెక్క

ఖాయం చేసేముందు షీట్‌లో ఒక మూల ఈ లెక్క వేయండి. జనవరి నుంచి మార్చి వరకు మామూలు ఏడాదిలో 90 రోజులు. వారానికి ఐదు రోజుల పని అంటే ఇంచుమించు 64. సంక్రాంతి, రిపబ్లిక్ డే, శివరాత్రి, ఐదో ప్రశ్నకి వచ్చిన పెళ్లిళ్లు, ప్రయాణాలు తీస్తే మనిషికి 55 మిగిలితే గొప్ప. అందులో సగం రోజువారీ పనికే పోతుంది. అంటే కొత్త లక్ష్యాలకి మనిషికి దొరికేది 27, 28 రోజులు. ఈ అంకె స్క్రీన్ మీద కనపడగానే, ఐదు లక్ష్యాలు కావాలన్న పెద్దాయన కూడా కాసేపు మాట్లాడరు. అప్పుడు అడగండి: రెండా, మూడా? ఒక్కొక్క కొత్త లక్ష్యం పక్కనా ‘దీనికోసం ఆపేస్తున్నది’ అని ఒక గడి పెట్టి నింపించండి. అది ఖాళీగా ఉన్న లక్ష్యం లిస్టులో ఉండకూడదు. నాలుగో ప్రశ్నకి వచ్చిన జవాబులు ఇక్కడ పనికొస్తాయి.

ఒక్కొక్కదానికీ ఒక్క పేరే రాయండి. ‘సపోర్ట్ టీమ్’ అని రాస్తే, అందరూ శాకాహారులే గానీ రొయ్యల బుట్ట మాయమైనట్టు, మార్చిలో బాధ్యులు దొరకరు. పేరున్న మనిషే అంతా చేయక్కర్లేదు, ఆగిపోతే ముందుగా అరవాల్సింది ఆ మనిషి.

రాసి పంపడం

అదే రోజు పంపండి. ముప్పై స్లైడ్లు వద్దు, వాట్సాప్‌లో ఒక్క మెసేజ్: లక్ష్యం, ఇప్పటి అంకె, చేరాల్సిన అంకె, తేదీ, పేరు, ఆపేస్తున్న పని. గ్రూప్‌లో పిన్ చేయండి. “రేపు సాయంత్రంలోపు ఎవరికైనా ఇందులో కుదరదనిపిస్తే నాకు విడిగా చెప్పండి” అని చివర రాయండి. ఒకరిద్దరు చెప్తారు. సాధారణంగా అది తేదీ గురించే ఉంటుంది, మార్చేయండి.

తర్వాత నడిపించడం

ప్రతి సోమవారం పావుగంట. అంకె ఎంతయింది, ఏది అడ్డుపడుతోంది, ఎవరి సాయం కావాలి. అడ్డం వచ్చినదాన్ని అక్కడే చర్చకి పెట్టకండి, సంబంధం ఉన్న ఇద్దరూ తర్వాత మాట్లాడుకుంటారు.

ఆరో వారంలో ఒక అరగంట విడిగా పెట్టుకోండి. దీని పని ఒక్కటే: ఏ లక్ష్యాన్ని మార్చాలి, దేన్ని వదిలేయాలి. మధ్యలో మార్చడం చేతకానితనం అనుకునే మేనేజర్లుంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు, నెట్ లేదు, ఇంట్లోంచి పనిచేసేవాళ్లకి ఇల్లే లేదు. అలాంటప్పుడు సెప్టెంబరు 30 గడువుని పట్టుకుని వేలాడితే మనుషులు పోతారు, గడువూ పోతుంది. అలాంటిది ఏదైనా జరిగితే ఎవరు, ఎన్ని రోజుల్లో లక్ష్యాలు మారుస్తారో వర్క్‌షాప్ చివర్లోనే ఒక లైన్ రాసిపెట్టుకోండి.

జీతాల పెంపుని ఈ అంకెలకి నేరుగా ముడిపెట్టకండి. ముడిపెట్టారంటే వచ్చేసారి అందరూ తేలిగ్గా అందే లక్ష్యాలే రాస్తారు, వేళ్ల ఓటులో ఐదూ ఐదూ కనపడతాయి. గూగుల్‌లో కష్టమైన లక్ష్యాలకి ఒకటికి 0.6, 0.7 వస్తే బాగా చేసినట్టే లెక్క. అయితే ఆ పద్ధతిని వ్యాపారికి మాటిచ్చిన గడువులకి పట్టించకండి. మాటిచ్చినవి వేరే గడిలో ఉండాలి, అవి పూర్తిగా అవ్వాల్సిందే.

వీలైతే ఏడాదికొకసారి అందరినీ విజయవాడలో ఒకచోట కూర్చోబెట్టండి. గుంటూరు, తెనాలి వాళ్లకి గంట ప్రయాణం, హైదరాబాద్ నుంచి రైలుంది. డల్లాస్ ఆయన సెలవుకి వచ్చే నెల చూసుకుని పెట్టుకుంటే ఆయనా దొరుకుతారు. ఆ రోజు స్లైడ్లు పెట్టకండి, షీట్ మాత్రం తెరవండి.

మూడు నెలలు అయ్యాక అదే షీట్‌లో ‘దీనికోసం ఆపేస్తున్నది’ అన్న గడి దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కటీ నిజంగా ఆగిందా అని అడగండి. ఆగనివి కనీసం రెండు దొరుకుతాయి. తర్వాతి వర్క్‌షాప్ అజెండాలో వాటిని మొదటి అంశంగా పెట్టండి.